తెర మీద పసుపు గడి

ఆవాలు తీసేసి ప్లాస్టిక్ పూసలు పోయించుకున్న రోజు నుంచి చెప్తాను.

2018లో నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. హైదరాబాద్‌లో ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. కీమో, రేడియేషన్ అన్నీ ముగిసి హనుమకొండకు తిరిగొచ్చి మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాక తెలిసింది, ఒక పక్క బరువు తగ్గితే ఒళ్లు ఎట్లా గాడి తప్పుతుందో. బోర్డు మీద రాస్తుంటే ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి. సాయంత్రానికి మెడ పట్టేసేది. సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ములు దొరుకుతాయి కానీ వాటి ధర విని అప్పట్లో వద్దనుకున్నాను. కుమార్‌పల్లిలో మా వెనక సందులో బట్టలు కుట్టే చెల్లె ఒకామె ఉంది. నా పాత నూలు చీర ముక్కతో తిత్తిలా కుట్టి, లోపల దూది, దూది నడుమ రెండు గుప్పెళ్ల ఆవాలు పోసి ఇచ్చింది. ఆవాలు జారతాయి, ఒంటితోపాటు కదులుతాయి, బరువు సరిగ్గా కూర్చుంటుంది. జాకెట్టు లోపల జేబు వేసి అందులో పెట్టుకుంటే చూసేవాళ్లకు తేడా తెలియదు. ఆరేళ్లు దాంతోనే తిరిగాను. ఇంట్లోవాళ్లకు తెలుసు, బడిలో ఇద్దరు టీచర్లకు తెలుసు. అంతకుమించి ఎవరికీ తెలియాల్సిన పని లేదనుకున్నాను.

2024లో బిడ్డ కాన్పుకు అమెరికా పోవాల్సి వచ్చింది. సామాను లిస్టు రాయిస్తూ ఫోన్లో అది ఆగి, గొంతు తగ్గించి అన్నది: "అమ్మా, గింజలు ఏం తేవద్దు, ఎయిర్‌పోర్టుల తీసుకుంటరు. నీ తిత్తిల గూడ గింజలే గద."

అదే సాయంత్రం చెల్లె కుట్లు విప్పి, ఆవాలు గిన్నెలోకి వంచి, వాటి బదులు సన్నటి ప్లాస్టిక్ పూసలు పోసి మళ్లీ కుట్టింది. కుడుతూనే, "అక్కా, ఆడ మిషిన్ల నిలబెడ్తరట గద. ఒంటి మీద బట్ట లేనట్టే కనబడ్తదట. మా మేనత్త కొడుకు చెప్పిండు," అన్నది. సూది ఆపి నా ముఖం చూసింది. నేను ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మచ్చ ఎంత పొడుగో నాకు తెలుసు, చంక దాకా ఉంటుంది. దాన్ని అద్దంలో సూటిగా చూడడానికి నాకే ఏడాది పట్టింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఒక తెర మీద చూస్తాడా? చూసి ఊరుకుంటాడా, దాచుకుంటాడా?

ముప్పై ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పిన దాన్ని. విన్న మాటకు భయపడి కూర్చోవడం నాకు రాదు. మర్నాడు ఒక పొడుగు నోట్‌బుక్ తీసి, కొడుకు సాయంతో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టింది.

మొదట ఆ మిషను ఒంటి మీదికి వదిలే తరంగం సంగతి. కాంతి వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. దాన్ని 3,000 కోట్లతో భాగిస్తే మీటరులో నూరో వంతు, అంటే ఒక సెంటీమీటరు. సెకనుకు 3,000 కోట్ల సార్లు కంపించే తరంగం, అంటే 30 గిగాహెర్ట్జ్ తరంగం, పొడవు అంతే. ఇప్పుడు అమెరికా విమానాశ్రయాల్లో ఒంటి తనిఖీకి వాడే మిషన్లు, అంటే స్కానర్లు, సుమారు 24 నుంచి 30 గిగాహెర్ట్జ్ నడుమ పనిచేస్తాయి. మిల్లీమీటర్ వేవ్ అంటారు. నూలు, ఉన్ని, పాలిస్టర్ దానికి అడ్డం కావు. గాజులోంచి వెలుగు పోయినట్టు బట్టలోంచి పోతుంది. చర్మం దగ్గరికి వచ్చాక, చర్మంలో నీళ్లుంటాయి కాబట్టి, వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగొచ్చిన తరంగాలను కొలిచి ఒంటి పైభాగాన్ని లెక్కగడుతుంది మిషను. ఎక్స్ కిరణంలాగా అణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి దీనికి లేదు. పాతిక సార్లు రేడియేషన్ బల్ల మీద పడుకొని వచ్చిన మనిషికి ఈ ఒక్క మాట ఎంత ధైర్యమో చెప్పలేను. ఆరోగ్యం సంగతి అక్కడితో తేలింది. మానం సంగతి తేలలేదు.

అది తేలాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 2009 డిసెంబర్ 25న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ పోయే విమానంలో ఒకడు లోదుస్తుల్లో పేలుడు పదార్థం కుట్టించుకొని ఎక్కాడు. అది సరిగ్గా పేలలేదు, తోటి ప్రయాణికులు పట్టుకున్నారు. ఇనుము, ఇత్తడి ఉంటేనే మెటల్ డిటెక్టర్ కూస్తుంది, పొడికి కూయదు. అందుకే 2010 నుంచి అక్కడి విమానాశ్రయాల్లో ఈ మిషన్లు వందల్లో దిగాయి. అవి రెండు రకాలు. ఒకటి నేను చెప్పిన మిల్లీమీటర్ వేవ్. రెండోది బ్యాక్‌స్కాటర్, అది సన్నటి ఎక్స్ కిరణాలు ఒంటి మీద పడి వెనక్కి చెదిరినప్పుడు చూస్తుంది. అప్పట్లో రెండూ ఒంటి ఆకారాన్ని ఉన్నదున్నట్టే చూపించేవి. చెల్లె చెప్పింది అబద్ధం కాదు, పాత నిజం.

అక్కడి తనిఖీ చూసే సంస్థ టీఎస్‌ఏ. ముఖం మసక చేస్తామని, బొమ్మ చూసే ఉద్యోగి వేరే గదిలో ఉంటాడు కాబట్టి మనిషిని చూడడని, బొమ్మను దాచే, అంటే సేవ్ చేసుకునే, వీలు విమానాశ్రయ మిషన్లలో ఆపేసి ఉంటుందని చెప్పింది. ఎపిక్ అనే గోప్యత హక్కుల సంస్థ మన సమాచార హక్కు చట్టం లాంటి వాళ్ల చట్టం కింద కాగితాలు తెప్పించింది. పరీక్షల కోసమైనా సరే బొమ్మలను దాచగలిగేలా, పంపగలిగేలా మిషన్లు ఉండాలని కొనేటప్పుడు అడిగింది టీఎస్‌ఏనే అని అందులో బయటపడింది. ఇంకోటి విని నా చెయ్యి ఆగిపోయింది. ఫ్లోరిడాలోని ఆర్లాండోలో, విమానాశ్రయంలో కాదు, ఒక కోర్టు భవనం వాకిట్లో పెట్టిన మిషను సుమారు 35,000 బొమ్మలను దాచిపెట్టింది. 2010లో ఆ సంగతి వెల్లడైంది. వాటిలో వంద బొమ్మలు నవంబర్‌లో ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. అవి బాగా మసకగా ఉన్నాయి, ఎవరివో పోల్చలేం. అయినా నా నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసుకున్నాను: దాచం అన్న మాట, దాచలేం అన్న మాట ఒకటి కావు.

అదే ఏడాది షార్లట్ విమానాశ్రయంలో విమానంలో పనిచేసే ఒకామెను ఆపారు. ఆమెకూ నాలాగే ఆపరేషన్ అయింది. కృత్రిమ రొమ్ము తీసి చూపించమన్నారని ఆమె బయటికి వచ్చి చెప్పింది. దాని మీద పెద్ద గొడవ అయింది. తీయమని అడగకూడదని టీఎస్‌ఏ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆమె ఎవరో నాకు తెలియదు, ఎన్నడూ కలవను. పద్నాలుగేళ్ల తర్వాత నా చేతిలో ఒక కాగితం ఉండడానికి ఆమె కారణం.

మిగిలింది తొందరగా చెప్తాను. ఎపిక్ వేసిన కేసులో 2011లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు మిషన్లను ఆపలేదు కానీ, జనం అభిప్రాయం అడగకుండా పెట్టడం తప్పని చెప్పింది. 2012లో అమెరికా చట్టసభ కొత్త చట్టంలో, ఒంటి బొమ్మ చూపించకుండా అందరికీ ఒకే గీత బొమ్మ చూపించే సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందేనని పెట్టింది. బ్యాక్‌స్కాటర్ మిషన్లకు గడువులోపల ఆ సాఫ్ట్‌వేర్ తయారు కాలేదు. 2013 నడుమకల్లా వాటిని విమానాశ్రయాల నుంచి తీసేశారు. ఐరోపాలోనైతే 2011లోనే ఎక్స్ కిరణాల స్కానర్లకు చోటివ్వలేదు, వద్దన్నవాళ్లకు చేతి తనిఖీ అడిగే హక్కిచ్చారు.

ఇప్పుడు తెర మీద ఉండేది ముఖం లేని ఒక మనిషి గీత. అనుమానం ఉన్న చోట పసుపు గడి పడుతుంది. ఏమీ లేకపోతే గీత కూడా రాదు, పచ్చ రంగులో ఓకే అని వస్తుంది. ఇది చదివాక నా మనసు కుదుటపడింది. అయినా సైన్స్ టీచరు బుర్ర ఊరుకోదు కదా: లోపల లెక్క జరుగుతూనే ఉంది, ఒంటి వివరం మిషను లోపల పుడుతూనే ఉంది, దాన్ని మనిషికి చూపించడం మాత్రమే ఆగింది. అదీ చిన్న మేలు కాదు. పోట్లాడి తెచ్చుకున్న మేలు.

టీఎస్‌ఏ నియమాల పేజీ ప్రింటు తీసుకున్నాను. మూడు వాక్యాల కింద గీత గీశాను. కృత్రిమ రొమ్మును తీయమని, బట్టలు ఎత్తి చూపించమని అడగకూడదు. ఎప్పుడైనా సరే వేరే గది అడగొచ్చు. గదిలోకి మనకు కావలసిన తోడును తీసుకుపోవచ్చు.

తెల్లవారుజామున కాజీపేట, జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్, అక్కడి నుంచి రింగు రోడ్డు. శంషాబాద్ చేరేసరికి బాగా పొద్దెక్కింది. అక్కడి తనిఖీ నాకు భయం లేదు. మెటల్ డిటెక్టర్ చట్రంలోంచి నడిచి, ఆడవాళ్ల పర్దా గదిలోకి పోతే సీఐఎస్‌ఎఫ్ కానిస్టేబుల్ అమ్మాయి చేతి పరికరం తిప్పింది. అది పూసలకు కూయలేదు. చేత్తో తడిమినప్పుడు ఎడమ పక్క ఆగింది. నేను మెల్లగా చెప్పాను. ఆ అమ్మాయి నా ముఖం వైపు ఒక్క చూపు చూసి, "సరే అమ్మా, పోండి," అన్నది. పర్దా లోపల మా ఇద్దరి నడుమ మాట, అక్కడే ఉండిపోయింది.

విమానంలో నా పక్క సీట్లో జగిత్యాల దిక్కు ఊరి పెద్దావిడ. కొడుకు దగ్గరికి పోతున్నది. ఇంగ్లీషు రాదు. మెడలో ఒక అట్టముక్క, దాని మీద కొడుకు రాసిచ్చిన అడ్రసు. దారి పొడుగునా ఆమె ఫారాలు నేను నింపాను, ఆమె నాకు సకినాలు పెట్టింది. ఇద్దరం ఒకే చోట దిగి, ఒకే విమానం మారాలి.

ఏ విమానాశ్రయమో రాయను. దేశంలోకి వచ్చాక, సామాను తీసుకొని మళ్లీ అప్పగించి, లోపలి విమానం ఎక్కడానికి మరోసారి తనిఖీ. చెప్పులు, చున్నీ, చేతి సంచి ట్రేలో పెట్టాం. ముందు మనుషులు ఒక్కొక్కరే గుండ్రటి గాజు గదిలోకి పోయి, నేల మీద గీసిన పాదాల గుర్తుల మీద నిలబడి, చేతులు తల మీదికి ఎత్తుతున్నారు. రెండు పలకలు చుట్టూ తిరిగి ఆగుతున్నాయి. ఒక్కొక్కరికి ఐదారు సెకన్లు.

నా ఎడమ చెయ్యి పైకి పూర్తిగా లేవదు. చంకలో గడ్డలు తీశాక భుజం బిగిసిపోయింది. ఎంత లేపినా చెవి దాకా వస్తుంది, అంతే. నేను నియమాలన్నీ చదివాను, దీని గురించి మాత్రం ఆలోచించలేదు. గుర్తుల మీద నిలబడి కుడి చెయ్యి ఎత్తాను, ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకొని లాగాను. వణికింది. పలకలు తిరిగాయి. కదిలారు, మళ్లీ అని సైగ చేసింది బయట నిలబడ్డ ఆమె. రెండోసారి పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

బయటికి వచ్చి వెనక్కి తిరిగితే, మిషనుకే తగిలించి ఉంది తెర. బడి గోడల మీద పిల్లలు గీసే బొమ్మ లాంటి గీత. ముఖం లేదు, వేళ్లు లేవు, ఆడా మగా లేదు. తల వెనక ఒక గడి, అది నా కొప్పు పిన్నులు. ఎడమ రొమ్ము చోట ఇంకో గడి. పసుపు రంగు. నిండుగా.

ఆ గడినే నేను ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. నేను నాలుగు రోజులు చదివింది అంతా నా ఒళ్లు కనబడుతుందేమో అన్న భయంతో. ఒళ్లు కనబడలేదు. కానీ ఆరేళ్లు దాచుకున్న చోటును చేతివేలుతో చూపించినట్టు చూపించింది ఆ గడి. తెర నా వెనక వరుసలో నిలబడ్డవాళ్లకూ కనబడుతున్నది. ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు, సూటు వేసుకున్న ఒకాయన. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. కళ్ల ముందు బొమ్మ వెలిగితే చూస్తారు, బొమ్మ చూసి మనిషిని చూస్తారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, చున్నీ ట్రేలో ఉండిపోయింది.

ఉద్యోగి ఆమె గట్టి గొంతుతో, లోపల ఏం పెట్టుకున్నారు అని అడిగింది. నలుగురిలో. నాకు ఇంగ్లీషు వచ్చు, కానీ ఆ నిమిషం మాట రాలేదు. ఆమె చేతి తొడుగు సర్దుకొని ముందుకు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది నోట్‌బుక్‌లో గీత గీసిన వాక్యం. ప్రైవేట్ రూమ్ ప్లీజ్, అన్నాను. రెండోసారి ఇంకా గట్టిగా అన్నాను.

తోడు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. జగిత్యాల పెద్దావిడ అప్పుడే గాజు గదిలోంచి బయటికి వచ్చింది. ఆమెకు పచ్చ ఓకే పడింది. నా ముఖం చూసి ఏమైందని అడగనైనా అడగలేదు, వచ్చి చెయ్యి పట్టుకుంది. "నేనస్త, పా."

చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద ఏమీ లేదు. ఇద్దరు ఆడ ఉద్యోగులు. ఆపరేషన్ అయిందని, గుడ్డతో కుట్టింది పెట్టుకున్నానని చెప్పాను. లోపలేముంది? దూది, ప్లాస్టిక్ పూసలు. పూసలు అనగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ల అనుమానం నాకు అర్థమవుతుంది. సిలికాన్‌ది అయితే వాళ్లకు అలవాటు, గుడ్డ తిత్తిలో గుళికల్లాంటివి ఉన్నాయంటే ఎవరైనా ఆలోచిస్తారు. మొదటి ఆమె, తీసి బల్ల మీద పెట్టండి, చూస్తాం అన్నది.

సంచిలోంచి ప్రింటు తీసి, గీత గీసిన వాక్యం మీద వేలు పెట్టి ఇచ్చాను. మీ నియమం ప్రకారం మీరు ఇది అడగకూడదు, పైనుంచి తడమండి, పరీక్ష చేయండి, నేను అడ్డం చెప్పను, తీసి చూపించను అన్నాను. గొంతు వణికింది, మాట వణకలేదు. ఆమె బయటికి పోయి పై అధికారిని తీసుకొచ్చింది. ఆవిడ వయసులో నాకు సమానం. కాగితం చూడకుండానే, మీరు తీయనక్కర్లేదు, మావాళ్లు అట్లా అడిగినందుకు క్షమించండి అన్నది. తర్వాత ఏం చేస్తారో ముందే ఒక్కొక్కటి చెప్పి చేశారు. బట్టల మీదనుంచి చేతి వెనక భాగంతో తడిమారు. చిన్న తెల్ల గుడ్డ ముక్కతో తొడుగులు తుడిచి, దాన్ని ఒక పెట్టెలో పెట్టారు. పేలుడు పదార్థం అణుమాత్రం ఉన్నా ఆ పెట్టె పసిగడుతుంది. కొన్ని సెకన్లు. ఏమీ లేదని వచ్చింది.

మొత్తం పదిహేను నిమిషాలు. బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక పెద్దావిడ అడిగింది: "గా పూసలు నువ్వే కుట్టుకున్నవా చెల్లె?" మా వెనక సందు చెల్లె కుట్టిందని చెప్పాను. చాలాసేపటికి అన్నది: "మా వదినెకు గూడ గిట్లనే అయింది. పాపం, ఎప్పుడు పైట కప్పుకోనే ఉంటుండె. గిట్ల కుట్టుకోవచ్చని ఎవరు చెప్పలే."

నేను బిడ్డ దగ్గర ఐదు నెలలు ఉన్నాను. మనవరాలు పుట్టింది. తిరుగు ప్రయాణానికి వారం ముందు బిడ్డ టీఎస్‌ఏ వాళ్ల నోటిఫికేషన్ కార్డు ప్రింటు తీసి, నా ఆరోగ్య స్థితి రాసే చోట రెండు మాటలు రాసి ఇచ్చింది. ఆ కార్డు ఉన్నంత మాత్రాన తనిఖీ తప్పదు, కానీ నోటితో నలుగురిలో చెప్పే పని తప్పుతుంది. ప్రయాణానికి 72 గంటల ముందు ఫోన్ చేస్తే సాయం చేసే మనిషిని పంపే ఏర్పాటు కూడా ఉంది, టీఎస్‌ఏ కేర్స్ అని. ఈసారి నేను మిషనులోకి పోలేదు. చెయ్యి ఎత్తలేను, చేతి తనిఖీ చేయండి అని ముందే కార్డు చూపించాను. వద్దనే హక్కు అక్కడ చాలామటుకు ఉంది. గదిలో ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఒంటి మీద చెయ్యి పడింది, అది నాకు ఇష్టమైన సంగతి కాదు. కానీ ఎవరు తాకుతున్నారో, ఎందుకో, ఎప్పుడు ఆగుతుందో నాకు తెలుసు.

ఇదంతా అమెరికా ముచ్చట కదా, మనకెందుకు అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకరు అన్నారు. 2019 ఏప్రిల్‌లోనే మన పౌర విమానయాన భద్రతా సంస్థ, బీసీఏఎస్, దేశంలో 84 విమానాశ్రయాల్లో ఈ స్కానర్లు పెట్టాలని ఆదేశించింది. 2020 మార్చి దాకా గడువిచ్చింది. కరోనా వచ్చి ఆ గడువు దాటిపోయింది. పని మాత్రం ఆగదు. మా వరంగల్ పక్కన మామునూరు సంగతే చూడండి. నిజాం కాలం నాటి విమానాశ్రయం, 1981లో మూతపడ్డది, 2025లో కేంద్రం దాన్ని మళ్లీ కట్టడానికి ఒప్పుకుంది. నా చిన్నప్పుడు మా బాపు సైకిల్ మీద ఎక్కించుకొని పోయి చూపించిన రన్‌వే అది. ఒకనాటికి మా ఓరుగల్లు ఆడవాళ్లు అక్కడే తనిఖీకి నిలబడతారు. బీడీలు చుట్టి కొడుకును చదివించిన తల్లులు, పొలం అమ్మి బిడ్డను పంపిన తల్లులు, మొదటిసారి విమానం ఎక్కేవాళ్లు. వాళ్లకు ఆ గాజు గది ఏమిటో, బొమ్మ ఎక్కడికి పోతుందో తెలుగులో ఒక్క బోర్డు చెప్పాలా వద్దా?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒకే మాటగా, గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, పుట్టస్వామి కేసులో. ఒంటి మీద హక్కు కూడా అందులో భాగమే. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కానీ దేశ భద్రత పేరు మీద ప్రభుత్వం తన సంస్థలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు అదే చట్టంలో ఉంది. అందుకే మిషన్లు అన్ని చోట్లా దిగకముందే అడగాలంటాను. దిగి, అలవాటైపోయాక ఎవరడుగుతారు?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. విమానం భద్రంగా ఉండాలని నాకూ ఉంది, నా మనవరాలు ఎక్కే విమానమే కదా. మనిషి ఆకారం కాకుండా గీత బొమ్మే రావాలి, ఏదీ దాచలేని విధంగా మిషను ఉండాలి, దాచం అని చెప్తే చాలదు. తెర ఉద్యోగికే కనబడేలా తిప్పి పెట్టాలి, దానికి పైసా ఖర్చు కాదు. చెయ్యి ఎత్తలేనివాళ్లకు, వద్దనేవాళ్లకు పర్దా గది మన దగ్గర ఇప్పటికే ఉంది, దాన్ని తీసేయకూడదు. శంషాబాద్‌లో ఆ కానిస్టేబుల్ అమ్మాయి చూపించిన మర్యాద ఏ మిషనూ నాకు చూపించలేదు. ఇవన్నీ రాసి బీసీఏఎస్‌కు, మా ఎంపీకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరాలు పంపాను. రసీదులు నోట్‌బుక్‌లో అంటించి ఉన్నాయి.

పోయిన నెల నర్సంపేట నుంచి ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చెల్లె దగ్గర తిత్తి కుట్టించుకున్న మనిషి, అక్కడ నా మాట విన్నదట. కొడుకు దగ్గరికి ఆస్ట్రేలియా పోతున్నది. చాయ్ తాగేదాకా అడగలేదు. గ్లాసు కింద పెట్టి అడిగింది: "అక్కా, గా బొమ్మల మన ముఖం పడ్తదా?"

నోట్‌బుక్ తెచ్చి ఖాళీ పేజీ మీద గీశాను. తల, భుజాలు, కాళ్లు. ముఖం గీయలేదు. ఎడమ పక్క చిన్న గడి గీసి, పసుపు పెన్సిల్ లేకపోతే వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి అద్దాను. ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కొని చూసింది.

"గీ గడి ఒక్కటేనా?"

"ఇదొక్కటే. కానీ ఇది వచ్చిందంటే వాళ్లు అడగకముందే నువ్వే చెప్పాలె. గది కావాలని."

ఇంగ్లీషులో ఎట్లా అనాలో చెప్పమన్నది. చెప్పాను. మూడుసార్లు అనిపించాను. కాగితం మడిచి రవికెలో పెట్టుకొని లేచింది. గేటు దాటి సందు మలుపు తిరిగేదాకా పెదాలు కదుపుతూనే పోయింది, ప్రైవేట్ రూమ్ ప్లీజ్, ప్రైవేట్ రూమ్ ప్లీజ్ అని.